రాసేవాళ్ల డైరీకి ఏ పుస్తకం? హైదరాబాద్‌లో దొరికేవాటి మీద ఒక సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాం. తెలుగులో కథలో కవితలో వ్యాసాలో రాసేవాళ్ల రోజువారీ డైరీకి హైదరాబాద్‌లో దొరికేవాటిలో అన్నిటికంటే మంచి పుస్తకం మాల్‌లో ప్లాస్టిక్ కవరు చుట్టి అమ్మేది కాదు. బైండింగు షాపులో చెప్పి కుట్టించుకునేది. సైజు 1/8 డెమ్మీ (చాలా తెలుగు నవలల సైజు), 192 పేజీలు, గీతల్లేని నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో (పుస్తకాలు అచ్చేసే రకం) కాగితం, ఫారాలుగా (కొన్ని పేజీలు కలిపి మడిచిన కట్టలుగా) కుట్టి క్యాలికో (బైండింగు బట్ట) అట్ట వేసింది. రెండో స్థానం స్కూలు పిల్లలు వాడే లాంగ్ నోట్‌బుక్‌ది. గీతల బదులు చుక్కలు అచ్చేసిన దిగుమతి పుస్తకం మూడోది. జనవరిలో ఊరికే చేతికొచ్చే కంపెనీ డైరీ అన్నిటికంటే చివరన. ఫోన్ వీటికి పోటీ కాదు, తోడు. దాని సంగతి వేరుగా చూద్దాం.

అయితే పుస్తకం కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. రచయిత డైరీ మూడు రకాల పనులు చేస్తుంది, మూడింటికీ ఒకే పుస్తకం సరిపోదు. మొదటిది చేయి ఆడటానికి రాసే రాత: మనసులో ఏముంటే అది, తిరిగి చదవాల్సిన అవసరం లేకుండా. రెండోది సామగ్రి పోగేసుకోవడం: విన్న మాట, చూసిన మనిషి, ఊరి పేరు, సామెత, కథకి పనికొచ్చే చిన్న సంగతి. మూడోది పని లెక్క: ఏ కథ ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, రేపు ఏ వాక్యంతో మొదలుపెట్టాలి. మొదటిదానికి చవక కాగితం కావాలి, రెండోదానికి వెతుక్కునే వీలు కావాలి, మూడోదానికి తారీఖు, నాలుగు లైన్లు చాలు. డైరీ మొదలుపెట్టి మానేసినవాళ్లు చాలామంది మొదటి పనికి పుట్టినవాళ్లై ఉండి రెండో పనికి సరిపోయే ఖరీదైన పుస్తకం కొన్నవాళ్లే. మంచి కాగితం మీద చెత్త రాయడానికి చేయి రాదు, చెత్త రాయకుండా చేయి ఆడదు.

అందుకని మొదటి నెల ఏమీ కొనకండి. 100 పేజీల సాదా నోట్‌బుక్ ఒకటి చాలు. మొదటి వారం రాత్రి పడుకునేముందు ఆ రోజు గురించి రాయండి. రెండో వారం పొద్దున లేవగానే, ఫోన్ చూడకముందు, అరగంట ఆపకుండా రాయండి. మూడో వారం రోజు గురించి ఏమీ రాయొద్దు. బయట విన్నవీ చూసినవీ మాత్రమే, ఒక్కోదానికి శీర్షిక పెట్టి రాయండి. నాలుగో వారం మీ రచన గురించి మాత్రమే. నెల తిరిగాక వేరే రంగు పెన్నుతో కూర్చుని మొత్తం చదివి, ఎక్కడైనా అచ్చులో పెట్టుకోదగ్గ వాక్యం కనిపిస్తే దాని కింద గీత గీయండి. ఏ వారంలో గీతలు ఎక్కువ పడ్డాయో అదే మీ దారి. ఏ వారంలో ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదో అదీ చూసుకోండి. రెండూ ఒకే వారమైతే అదృష్టం. వేరువేరైతే ఎగ్గొట్టని పద్ధతినే పట్టుకోండి, గీతలు తర్వాత వస్తాయి.

పొద్దున మూడు పేజీలు రాసే పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది కాబట్టి ఒక మాట. పేజీ అనేది కొలత కాదు. లాంగ్ నోట్‌బుక్ పేజీ పెద్దది, తెలుగు చేతిరాతలో పేజీకి సుమారు 180 నుంచి 200 పదాలు పడతాయి. 1/8 డెమ్మీలో 80 నుంచి 100. అంటే ఒక పుస్తకంలో మూడు పేజీలు ఇంకో పుస్తకంలో ఆరు పేజీలు. గడియారం పెట్టుకుని రాయడమే నయం.

ఇక కాగితం సంగతి. డైరీల గురించి వచ్చే సలహాలన్నీ దాదాపు ఇంగ్లిష్ రాసేవాళ్ల కోసం రాసినవి, అందుకే గీతల మధ్య ఎడం గురించి అవి మాట్లాడవు. తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘స్త్రీ’ అని ఒక్కసారి రాసి చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. నడిమి అక్షరం మూడున్నర మిల్లీమీటర్లున్నా పైదీ కిందదీ కలిపి ఎనిమిదిన్నర దాటుతుంది. గీతల ఎడం 7 మి.మీ. ఉన్న పుస్తకంలో పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుతుంది. అది తప్పించడానికి చేయి తెలియకుండానే అక్షరాన్ని చిన్నది చేస్తుంది, రెండు పేజీలకే వేళ్లు నొప్పెడతాయి. రాయాలనిపించక కాదు, చోటు చాలకే చాలామంది త్వరగా ఆపేస్తారు. షాపుకి వెళ్లేటప్పుడు చిన్న స్కేలు జేబులో పెట్టుకోండి. పది గీతల దూరం కొలిచి పదితో భాగించండి. 8 మి.మీ. కంటే తక్కువైతే వదిలేయండి, 9 నుంచి 10 అయితే తీసుకోండి.

చుక్కల పుస్తకాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. చుక్కకీ చుక్కకీ 5 మి.మీ., రెండు వరుసలకి ఒక లైను రాస్తే సరిగ్గా 10. లాయిష్‌టుర్మ్ లాంటి కంపెనీల ఎ5 పుస్తకాల్లో పేజీ నంబర్లు అచ్చేసి ఉంటాయి, ముందు విషయసూచికకి ఖాళీ పేజీలుంటాయి. సామగ్రి పోగేసేవాళ్లకి ఆ రెండూ నిజంగా విలువైనవి. ఇబ్బంది ధర దగ్గరే. ఒక్క పుస్తకం డబ్బుకి లాంగ్ నోట్‌బుక్‌లు బోలెడు వస్తాయి. పైగా నంబర్లు వేసుకోవడం, సూచిక రాసుకోవడం పది నిమిషాల చేతిపని. దానికోసం అంత పెట్టాలా అన్నది మీ ఇష్టం, మా ఓటు మాత్రం పడదు.

లాంగ్ నోట్‌బుక్‌ని తక్కువగా చూడొద్దు. చేయి ఆడించే రాతకి అదే సరైనది. ఏ వీధి చివర షాపులోనైనా దొరుకుతుంది, నిండితే బెంగ లేదు, తప్పులు రాసినా బాధ లేదు. సెంటర్ పిన్ వేసింది తీసుకుంటే బల్ల మీద చదునుగా పడుకుంటుంది. పక్కన జిగురు పెట్టి అతికించింది అయితే నడుమ పేజీలు తెరిచి ఉంచడానికి ఎడమ చేయి కాపలా కాయాలి. పిన్ తుప్పు పట్టి కాగితం మరక పడటం ఒక్కటే దీని లోపం. వానాకాలంలో గోడ అల్మారాలో పెడితే ఒకటి రెండేళ్లకే కనిపించొచ్చు. పదేళ్లు దాచుకోవాల్సిన రాతకి ఇది వద్దు.

కంపెనీ డైరీలో అసలు సమస్య కాగితం పలచనిదని మాత్రమే కాదు. రోజుకి ఒక పేజీ అని అచ్చేసి ఇవ్వడం. రాయడానికి మూడు పేజీలున్న రోజున చోటు ఉండదు, ఏమీ లేని రోజున ఖాళీ పేజీ తెల్లగా నిలదీస్తుంది. ఆదివారానికి చాలావాటిలో సగం పేజీయే ఇస్తారు, ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లకి ఎక్కువ రాయగలిగే రోజు అదే! దీన్ని పని లెక్కకి మాత్రం వాడుకోవచ్చు: ఏ రోజు ఎన్ని పదాలు రాశారు, ఎక్కడ ఆగారు. నాలుగు లైన్లు చాలు కాబట్టి అచ్చు తారీఖులు అడ్డు రావు.

ఇప్పుడు కుట్టించుకునే పుస్తకం. ఊళ్లో పెళ్లికార్డుల ప్రెస్సులకి పేరున్న చత్తాబజార్‌లో, ఇటు నారాయణగూడ, చిక్కడపల్లి వైపు, యూనివర్సిటీల చుట్టుపక్కల థీసిస్‌లు కట్టే చోట్ల ఈ పని తెలిసినవాళ్లు దొరుకుతారు. స్పైరల్ మిషను ఒక్కటే పెట్టుకున్న జిరాక్స్ షాపులో అడిగి లాభం లేదు. వెనకాల కటింగు మిషను, చెక్క ప్రెస్సు ఉన్నచోటే అడగండి.

చెప్పాల్సిన మాట ఒక్కటే, అది గట్టిగా చెప్పాలి: ‘అన్నా, ఫారాలు చేసి నడుమల దారంతోటి కుట్టియ్యాలె, పక్కకుట్టు వద్దు.’ ఉర్దూ మాట్లాడే బైండరు దగ్గర జుజ్‌బందీ అంటే చాలు. ఇది చెప్పకపోతే అలవాటు కొద్దీ పక్కకుట్టే వేస్తారు, ఎందుకంటే ఆఫీసు రిజిస్టర్లకీ పాత పుస్తకాలకీ అది త్వరగా అయిపోతుంది. పక్కకుట్టు వేస్తే ప్రతి పేజీలో లోపలి వైపు సెంటీమీటరుకి పైగా కుట్టులో పోతుంది, పుస్తకం ఎప్పటికీ చదునుగా తెరుచుకోదు.

కాగితం ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్లొచ్చు అనుకుని చాలామంది ఎ4 జిరాక్స్ రీము కొంటారు. అక్కడే పుస్తకం పాడవుతుంది. కాగితానికి పోగు దిశ ఉంటుంది. మిల్లులో గుజ్జు ఏ వైపు పారిందో నారలు ఆ వైపే పడుకుంటాయి. ఆ దిశ వెంబడి మడిస్తే తేలిగ్గా మడుస్తుంది, అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. ఎ4 కాగితంలో పోగు సాధారణంగా పొడవు వెంబడి ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఎ5 చేస్తే మడత పోగుకి అడ్డంగా పడుతుంది. అలాంటి పుస్తకం తెరిస్తే పేజీలు పైకి లేచి నిలబడతాయి, జూలై వచ్చేసరికి తేమ పీల్చి వెన్ను దగ్గర అలలు తేలతాయి. బైండరుకి పెద్ద షీట్ల నుంచి కోయమని చెప్పండి, పోగు వెన్నుకి సమాంతరంగా ఉండాలని చెప్పండి. పరీక్ష తేలిక: ఒక చిన్న ముక్కని రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతుందో తెలిసిపోతుంది, ఆ వంపు గీత వెంబడే పోగు ఉన్నట్టు.

ప్రెస్సుల్లో వాడే డబుల్ డెమ్మీ షీటు 22.5 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడవు. దాన్నుంచి 1/8 డెమ్మీ ఆకులు 16 వస్తాయి, అంటే 32 పేజీలు. 192 పేజీల పుస్తకానికి ఆరు షీట్లు చాలు. కాబట్టి రీము కొనక్కర్లేదు, ప్రెస్సుల పని చేసే బైండరు దగ్గర మిగులు కాగితం ఉంటుంది. 16 పేజీల ఫారాలు పన్నెండు వస్తాయి. కోసి సరిచేశాక పుస్తకం సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. మీ అల్మారాలో ఉన్న తెలుగు నవలల్లో చాలావాటి సైజే ఇది, వాటి పక్కన చక్కగా నిలబడుతుంది. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) వేస్తే కాగితం బరువు 230 గ్రాముల చుట్టూ, అట్టతో కలిపి మూడు వందల పైచిలుకు. సంచిలో మోయగలిగినంతే.

గీతలు వద్దని ఎందుకన్నామంటే, గీతల షీటు మీరే చేసుకోవచ్చు. ఒక తెల్లకాగితం మీద 10 మి.మీ. ఎడంతో నల్లటి గీతలు ప్రింటు తీసి, రాసే పేజీ కింద పెట్టుకుంటే 70 నుంచి 80 జీఎస్‌ఎం కాగితంలోంచి కనిపిస్తాయి. కవిత రాసే రోజున తీసేయండి, ఇరుకుగా రాయాలంటే 9 మి.మీ. షీటు వేరేది పెట్టుకోండి. 100 జీఎస్‌ఎం దాటితే గీతలు సరిగ్గా కనబడవు, అందుకే మందం కాగితం ఇవ్వబోతే వద్దనండి.

ఇంకు పెన్ను వాడేవాళ్లు కోయకముందే ఒక ముక్క అడిగి, తమ పెన్నుతో ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’ లాంటివి పది రాసి, ఆరాక తిప్పి చూడాలి. అక్షరం అంచున ఇంకు వెంట్రుకల్లా పాకినా, వెనక్కి దిగినా ఆ కాగితం బాల్ పెన్నుకే పనికొస్తుంది. మ్యాప్‌లిథో అని ఒకే పేరున్నా మిల్లు మారితే, ఒక్కోసారి లాటు మారినా గుణం మారుతుంది.

అట్టకి జిగురు ఏది వాడతారో అడగండి. మైదా జిగురు బాగా పడుతుంది కానీ వెండిపురుగులకీ బొద్దింకలకీ అది విందు. పాత పద్ధతి తెలిసినవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. లేదంటే ఫెవికాల్ అడగండి. 2 మి.మీ. అట్ట, వెన్నుకి క్యాలికో బట్ట. రెగ్జిన్ మెరుస్తుంది కానీ ఎండలకి మూలల్లో పగిలి పొరలూడుతుంది. జిగురు పెట్టాక పుస్తకం ఒక రాత్రి ప్రెస్సులో ఉండాలి. సాయంత్రమే ఇచ్చేస్తానంటే తొందరపడకండి, తడి మీద తీసుకున్న అట్ట ఇంటికొచ్చాక విల్లులా వంగుతుంది. తీసుకునేటప్పుడు మూడు చూడండి: ఫారం నడుమ తెరిస్తే దారం కనిపించాలి, పుస్తకం మధ్యలో తెరిచి వదిలేస్తే మూసుకోకూడదు, మొదటి ఆకు, చివరి ఆకు అట్టతో పాటు సాఫీగా తిరగాలి.

ధర మాట. ఒక్క పుస్తకం అడిగితే చేసేవాళ్లకి గిట్టదు, ఎక్కువ చెప్తారు, పనీ వెనకపడుతుంది. నాలుగు ఒకేసారి చేయిస్తే ఒక్కోటి బాగా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు, డిసెంబరులో క్యాలెండర్లు, డైరీలు వాళ్ల చేతినిండా ఉంటాయి. ఆ రోజుల్లో వెళ్లొద్దు.

పుస్తకం చేతికొచ్చాక రాసే పద్ధతి. కుడి పేజీలో మాత్రమే రాయండి. ఎడమ పేజీ ఖాళీగా వదిలితే ఆరు నెలల తర్వాత అదే సంగతి మీద తోచింది అక్కడ రాసుకోవచ్చు, కథ మొదటి చిత్తు తరచూ అక్కడే పుడుతుంది. రోజుకో పేజీ చొప్పున 96 పేజీలంటే మూడు నెలలు. నంబర్లు కూడా కుడి పేజీకే వేయండి. చివరి ఆరు పేజీలు సూచికకి వదలండి. చేతిరాత తెలుగుని ఫోటో తీసి వెతుక్కునే సౌకర్యాన్ని ఇంకా నమ్ముకోలేం, సూచిక లేని డైరీ నిండాక మూతపడ్డట్టే. గుర్తులు మూడే పెట్టుకోండి: మా అంటే విన్న మాట, బీ అంటే కథాబీజం, చూ అంటే తర్వాత నిజం తేల్చుకోవాల్సింది. సూచికలో ఒక పద్దు ఇలా ఉంటుంది: ‘43, మా, కోఠి బస్‌స్టాప్, పూలామె బేరం’. ఏడాది తర్వాత వెతికేటప్పుడు ఈ నాలుగు ముక్కలే దారి చూపిస్తాయి. గుర్తులు ఆరు దాటితే ఏది ఏమిటో గుర్తుండక మొత్తం మానేస్తారు.

లోపల రాసేది కూడా పనికొచ్చేలా ఉండాలి. ‘లాడ్ బజార్ వెళ్లాం, రద్దీగా ఉంది, బాగుంది’ అని రాస్తే అందులోంచి ఏ కథా రాదు. అక్కడ గాజులు చేసేచోట లక్క బొగ్గుల వేడికి మెత్తబడ్డాక పనివాడు దాన్ని ఎలా సాగదీశాడు, గాజుగా చుట్టడానికి ఏం వాడాడు, రాళ్లు అద్దేటప్పుడు చేతిలో ఏముంది, ఎదురుగా కూర్చున్న పెద్దామె ధర విని ఏమంది, ఇవి రాయండి, అన్నమాట అన్నట్టే. విశేషణం రాయబోతుంటే ఆగి, దాని బదులు ఒక వస్తువు పేరు రాయండి. పేరు తెలియకపోతే చూ అని పెట్టి, మర్నాడు కనుక్కోండి.

ఫోన్ ఎందుకు తోడే కానీ పోటీ కాదంటున్నామో ఇక్కడే తెలుస్తుంది. మెట్రోలో నిలబడి విన్న మాట పట్టుకోవడానికి అంతకంటే సులువైంది లేదు. కానీ ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డులు బాగా వాడుకలో ఉన్న రూపాలనే ముందుకు తోస్తాయి. ‘యాడికి పోతున్నవ్’ అని విన్నది వేలు జారితే ‘ఎక్కడికి పోతున్నావ్’ అయి కూర్చుంటుంది. రాసేవాడికి కావాల్సింది ఆ ‘యాడికి’యే. ఫోన్‌లో రాయాల్సి వస్తే సూచనలు ఆపేసి, తెలుగు అక్షరాలే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడండి, లేదా ఉన్నదున్నట్టు ఆ మాటని మీ గొంతుతో రికార్డు చేసుకోండి. ఆ రాత్రే పుస్తకంలోకి ఎక్కించండి. వారం ఆగితే ఎవరన్నారో గుర్తుండదు. అన్నట్టు, డైరీ ఏ భాషలో అన్నదానికి నియమం లేదు. గురజాడ తన డైరీలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాసుకున్నారు. విన్న మాట మాత్రం విన్న భాషలోనే ఉండాలి.

పెన్ను గురించి క్లుప్తంగా. తెలుగు అక్షరాలు గుండ్రం, పెన్ను అడుగడుగునా వెనక్కీ పైకీ తిరుగుతుంది. మరీ సన్నటి పాళీ ఆ మలుపుల్లో కాగితాన్ని గీరుతుంది. మీడియం పాళీ ఇంకు పెన్ను, లేదా 0.7 జెల్ పెన్ను హాయి. బాల్ పెన్నుకి ఒత్తి రాయాలి, అరగంట దాటితే మణికట్టు చెప్తుంది. పాళీ ఎంచుకోవాలంటే అబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్‌కి వెళ్లండి. చాలా పాత షాపు, ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులకి పేరు, చేతిలోకి తీసుకుని రాసి చూసుకోవచ్చు. అక్కడ కూడా ఇంగ్లిష్‌లో పేరు రాసి ఊరుకోకుండా, తెలుగులో ఒక పేరా రాసి చూడండి. మామూలు నీలం ఇంకు నీటిచుక్క పడితే చెదిరిపోతుంది. దాచుకునే పుస్తకానికి నీటికి చెదరని ఇంకు, లేదా పిగ్మెంట్ ఇంకు ఉన్న జెల్ పెన్ను వాడండి. ఏప్రిల్, మే ఎండలకి మూత సరిగా పట్టని ఇంకు పెన్నులో పాళీ ఎండిపోతుంది. నాలుగు రోజులు రాయకపోతే ఇంకు తీసేసి నీళ్లతో కడిగి పెట్టండి.

నిండిన పుస్తకాల వెన్ను మీద మొదలు తారీఖు, చివరి తారీఖు రాసి, గోడకి ఆనకుండా, నేలకి దగ్గరలేని అరలో నిలబెట్టండి. వానలు తగ్గాక ఒక పూట నీడలో తెరిచి గాలి తగలనివ్వండి, ఎండలో పెట్టొద్దు. పుస్తకంలో ఇంకో ముప్ఫై పేజీలున్నాయనగా తర్వాతది ఆర్డరు ఇవ్వండి. బైండరు వారమన్నది పది రోజులవుతుంది, ఆ మధ్యలో చేతిలో పుస్తకం లేకపోతే అలవాటు తెగుతుంది.